మోటారు సైకిలు ఆగిన చప్పుడు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. నేను బడికి పోలేదు. మా నాయన బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. ఎవరికైనా గాలి సోకిందంటే, "ముందు కడుపు నిండా అన్నం పెట్టండి, తర్వాత ప్రార్థన చేద్దాం" అనేవాడు. నేనూ ఆ మాట మీదే ఉన్నాను. అందుకే ఈ సంగతి బయటికి చెప్పడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

అవి యుద్ధం రోజులు. మార్కాపురంలో బజారు పక్కనే మా కాపురం. మా ఆయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడి డాక్టరు దొర సొంత దేశం పోతూ వదిలిన పాత మోటారు సైకిలు మీద ఊళ్ళకు మందులు తీసుకుపోయేవారు.

సంత రోజున మా వీధి చూడాలి. బడిపిల్లల రాతి పలకలు మోసే బండ్లు, గొర్రెల మందలు, వాటి మధ్యలో ఒకదాన్నొకటి దాటాలని పరుగెత్తే, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులు. ముందున్న జనాన్ని తామే ఎక్కించుకుంటేనే ఆ డ్రైవర్లకు గెలుపు. దారిలో ఎవరున్నారన్నది వాళ్ళకు పట్టదు.

మోటారు చప్పుడుకు ఎద్దులు బెదురుతాయి. అందుకని బండివాళ్ళు ముందే కిందికి దూకి, తుండుగుడ్డతో వాటి కళ్ళు మూసి పట్టుకునేవారు. అది చూస్తే మా ఆయనకు జాలి. ఎద్దుల బండి ఎదురైతే చాలు, ఇంజను ఆపి, దిగి, అంత బరువునూ తోసుకుంటూ దాటేవారు.

"నువ్వు అట్ల ఆపితే ఎనక నుంచి బస్సోడు గుద్దడా?" అన్నాను ఒకసారి.

"ఎద్దుకు బెదురన్నా ఉంటది. బస్సోనికి అదీ లేదు. నేనేం చేయాల?" అని నవ్వారు.

ఆయన క్షేమంగా ఇల్లు చేరిన ప్రతిసారీ దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

ఆ రోజు మాకు సంత. ఆయన ముందురోజే గిద్దలూరు వెళ్ళారు. మధ్యాహ్నం చంటిదానికి పాలిస్తుంటే మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. వీధి మలుపు తిరిగింది. మా ఇంటి ముందు ఆగింది. "స్తోత్రం తండ్రీ" అనుకుంటూ లేచి తలుపు తీశాను.

ఎవరూ లేరు.

ఎదురుగా పలకల బండి తోలే పుల్లయ్య చిన్నాయన కిందికి దిగి, ఎద్దుల కళ్ళు మూసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక బండివాడూ అంతే.

"మీ ఆయన యాడికి పాయె బిడ్డా? ఇప్పుడే గదా ఆపినాడు" అన్నాడు.

"ఇంకా రాలే చిన్నాయనా."

"నా చెవులంటే ముసలివి. ఎద్దుల చెవులు గూడా పాయెనా ఏంది?"

ఎండ ముఖాన కొడుతోంది, చంటిది ఏడుస్తోంది. తలుపు వేసి లోపలికి వచ్చాను.

కబురు సాయంత్రం రైల్లో వచ్చింది. పొద్దున గిద్దలూరు బజారులో బండ్ల వరుస ఎదురైతే, ఆయన ఎప్పటిలాగే ఇంజను ఆపి దిగారట. వెనక నుంచి, ఇంకో బస్సును దాటబోయిన బస్సు వచ్చి గుద్దింది. మోటారు సైకిలు నుజ్జయి కాలువలో పడింది. నేను చప్పుడు విన్నవేళకు ఆయన అక్కడ ఆసుపత్రి మంచం మీద స్పృహ లేకుండా ఉన్నారు.

తెల్లవారి నేను పోవలసింది కూడా అలాంటి బస్సులోనే. ఆ డ్రైవరు కూడా ప్రతి బండినీ ఒరుసుకుంటూనే పోయాడు. ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాను.

ఆయన ఒక్కసారి కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు.

"ఇంటి దాకా వచ్చినా గదా" అన్నారు మెల్లగా. "తలుపు తీసినావు. నన్ను చూసి మల్లా ఏసినావు. ఎందుకట్ల?"

నాకు కనబడలేదని చెప్పాను, ఒట్టేశాను. నమ్మినట్టు లేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ప్రాణం పోయేదాకా మళ్ళీ నావైపు తిరగలేదు.

అవి జ్వరంలో మాటలని పాస్టరు గారన్నారు. కావచ్చు. పుల్లయ్య చిన్నాయనకు జ్వరం లేదు మరి. మా ఆయన గిద్దలూరులో మంచం మీదుండి నేను తలుపు వేసిన సంగతి ఎట్లా తెలుసుకున్నారో పాస్టరు గారు కూడా చెప్పలేకపోయారు.

బిడ్డను బతికించి పెద్దచేసినందుకు దేవునికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. అది మనస్ఫూర్తిగానే చెబుతాను. కానీ ఆ మధ్యాహ్నం నేను ఎవరి ముఖాన తలుపు వేశానో మాత్రం, ఎంత అడిగినా, ఆ దేవుడు నాకు ఇంతవరకూ చెప్పలేదు.