సౌండ్ తీసేసిన ఫోన్‌లో ఉడుము వేట

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం రెండు కాగానే ముగ్గురం ఉడుము వేటకు బయలుదేరేవాళ్లం.

నిజం ఉడుము కాదులెండి... ఫోన్‌లో ఆట. అందులో తాటిచెట్టంత రాక్షస జంతువులు ఉంటాయి. ఒక్కరితో చావవు, ఆన్‌లైన్‌లో జట్టుగా కలిసి వేటాడాలి. అన్నిటికంటే పెద్దదానికి ఉడుములాంటి తోక ఉండేది. దాని అసలు పేరు మాకు నోరు తిరగక ఉడుము అనే పిలిచేవాళ్లం.

మరీ పాత రోజులేమీ కావు... కరోనాకు బడి మూసిన ఏడాది. నాది తొమ్మిదో తరగతి. చదువు అక్కడితోనే ఆగిపోయింది కాబట్టి నా చిన్నతనం కూడా అక్కడి వరకేననిపిస్తుంది.

మాది కరీంనగర్ దగ్గర చిన్న టౌను. ఆన్‌లైన్ క్లాసులకని బాపు ఫోన్ కొన్నాడు. జట్టులో పక్కింటి రజిత, వెనక గల్లీ షబానా, నేను. షబానా వాళ్లకు గాజుల దుకాణం ఉండేది. ఆట నేర్పింది ఆమే. కత్తి పట్టుకుని ముందు నిలబడేదీ ఆమే. రజిత దూరం నుంచి బాణాలు వేసేది. నాకు కొట్టడం చేతకాదు... ఎవరైనా కింద పడితే ఉరికి, మందు తాగించి లేపడమే నా పని.

మా ముందు గదిలో రెండు సాంచాలు... బట్ట నేసే మరమగ్గాలు. పొద్దంతా టకటకమంటూనే ఉండేవి. మొదటి రోజు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మైకు ఆన్ చేశానో లేదో, రజిత అరిచింది.

"బందు చెయ్యవే గా మైకు! చెవులు పలుగుతున్నయ్!"

"జర ఊకోవే రజితా" అని షబానా నవ్వింది. "గామె ఎట్లయినా మాట్లాడేది లేదు. మనమే మాట్లాడుదం, గామె వింటది."

సిగ్గుతో మైకు ఆపేశాను. తర్వాత సౌండ్ కూడా తీసేశాను... అవ్వ పక్కనే కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఆట చప్పుడు వింటే క్లాసు కాదని తెలిసిపోతుంది కదా. ఇయర్‌ఫోన్లు లేవు.

సౌండ్ సంగతి వాళ్లిద్దరికీ చెప్పలేదు. వినబడని దానితో ఆటేంటని ఇంకొకరిని తెచ్చుకుంటారేమోనని భయం. వాళ్లు ఎటు ఉరికితే అటు ఉరికేదాన్ని. మర్నాడు గోడ దగ్గర రజిత "నిన్న షబానా ఏమన్నదో ఇన్నవా?" అంటే, విన్నట్టే నవ్వేదాన్ని...

కొన్నాళ్లకు షబానా వాళ్ల గల్లీలో ఎవరికో కరోనా వచ్చిందని గల్లీ మొదట్లోనే కర్రలు అడ్డం కట్టేశారు. ఇక ముగ్గురం కలిసేది ఆటలోనే.

ఒక మధ్యాహ్నం ఉడుము తోక తెగింది. అది తెగడమే మాకు మొదటిసారి. అప్పుడు షబానా ఎందుకో కత్తి దించి నిలబడిపోయింది. రజిత కూడా ఆగింది. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఉడుము షబానాను రెండుసార్లు పడగొడితే రెండుసార్లూ లేపాను. చివరికి నేనే నా చిన్న కత్తితో పొడిచి పొడిచి... పడిపోయింది!

ఎన్ని వారాలుగానో చావని ఉడుము నా చేతిలో చచ్చింది. సంతోషం పట్టలేక నా బొమ్మతో డాన్సు చేయించాను. షబానా ఎదురుగా నిలబడి, ఆమె చుట్టూ తిరుగుతూ... ఆమె పేరు తెర మీది నుంచి పోయేదాకా.

మర్నాడు పొద్దున గోడ మీదుగా రజిత కోపంగా పిలిచింది.

"ఏమే, నిన్న మాపటికి షబానా కాడికి ఎందుకు రాలే?"

"ఎందుకు?"

"ఎందుకంటవేందే! గంతసేపు ఏడ్సుకుంట చెప్పింది గద. దుకాణం ఎత్తేసిండ్రు, పొద్దుగాల ఊరిడిసి పోతున్నం, ఒక్కసారి కర్రల కాడికి రాండ్రి, చూసుకుందం అని. నేను పోయిన. చీకటి పడేదాంక నీ కోసమే చూసింది పిల్ల. 'నేను పోతున్న అంటె అది డాన్సు చేసిందే' అని ఒకటే ఏడుపు."

వినబడలేదు... ఆ ఒక్క మాట అప్పుడైనా అనాల్సింది. ఇన్నాళ్ల అబద్ధం బయటపడుతుందని నోరు రాలేదు. "అవ్వ పని చెప్పింది" అన్నాను. రజిత అదే ఆమెకు చెప్పి ఉంటుంది. షబానా మళ్లీ ఆటలోకి రాలేదు.

ఇప్పుడు నేను ఉట్నూర్‌లో ఉంటున్నాను. మా ఆయన జీపు నడుపుతారు. "ఊకె గోడలు చూసుకుంట కూసునుడెందుకు, ఆడుకో" అని ఆయనే ఇయర్‌ఫోన్లు తెచ్చిచ్చారు. ఆ ఆట మళ్లీ పెట్టుకున్నాను. ఎవరెవరో వస్తారు, చంపుతారు, వెళ్లిపోతారు. పడినవాళ్లను లేపినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

పోయిన నెల కరీంనగర్ బస్టాండ్‌లో షబానా కనబడింది. చంకలో పాప, పక్కన అత్తగారు. నన్ను చూసింది... గుర్తుపట్టింది. ఆ రోజు వినబడలేదని ఇప్పుడైనా చెబుదామని రెండడుగులు ముందుకు వేశాను.

వాళ్ల అత్తగారు నన్ను చూసి, "కౌన్ హై బేటీ?" అని అడిగింది.

"కోయీ నై అమ్మీ" అంది షబానా.

నాకూ కొంచెం ఉర్దూ వచ్చు... ఎవరూ కాదట.

బస్సు వచ్చింది. పాపను ఎత్తుకుని ఎక్కేసింది. అది ఏ ఊరి బస్సో బోర్డు చూడాలన్న తెలివి కూడా నాకు రాలేదు.

చిన్నప్పుడు అలిగితే మూడో రోజుకల్లా ఎవరో ఒకరు గోడ దగ్గరికి వచ్చి పిలిచేవాళ్లు... ఇప్పుడు పిలుద్దామంటే రజితకూ ఆమె జాడ తెలియదు, ఏ ఊరని పోను?

మీ చిన్ననాటి స్నేహితుల్లో ఇట్లా మనసు విరిగి పోయినవాళ్లు ఎవరైనా తిరిగి వచ్చారా? వస్తే ఎట్లా వచ్చారో రాయండి... నాకు తెలియక అడుగుతున్నాను.