ఉద్దానం అని కొడితే మొదట వచ్చేది

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా ఫణిశంకర్ నడిపే నెట్ సెంటర్లో కుమారి మూడేళ్లుగా పనిచేస్తోంది. ఉద్దానం ప్రాంతంలో, వజ్రపుకొత్తూరు అవతల సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు. తండ్రి పాపారావు సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు. రెండు కిడ్నీలూ పోయి, విశాఖపట్నం ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి 2004లో పోయాడు. తల్లి దేముడమ్మ ఎండుచేపలు అమ్మి కూతుర్ని టెక్కలిలో డిగ్రీ దాకా చదివించింది.

2006 వేసవిలో విశాఖపట్నం నుంచి ఓ కుర్ర డాక్టరు, అక్కడ ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు గురించి తెలుసుకోవాలని ఉద్దానం వచ్చాడు. ఊళ్లలోకి వెళ్లే ముందు నెట్ సెంటర్లో కూర్చుని, సెర్చ్ ఇంజన్లో ఉద్దానం అని ఇంగ్లీషులో కొట్టాడు. మొదట వచ్చిన పేజీ ప్రింటు తీయమన్నాడు. కాగితాలు అందుకుంటూ, ఆమెది ఏ ఊరో కనుక్కుని, మర్యాదగానే అడిగాడు.

"మీ బెస్తవాళ్లు మరీ అంత తాగుతారామ్మా?"

కుమారికి అర్థం కాలేదు. అతను వెళ్లాక అదే పేజీ తెరిచి చదివింది. ఒడ్డున ఉండే బెస్తవాళ్లు పుట్టుకతోనే తాగుబోతులని, కుళ్లిన చేప తిని, సారా తాగి కిడ్నీలు పోగొట్టుకుంటారని, ఆ జాతికి వైద్యం చేయించడమంటే సర్కారు సొమ్ము సముద్రంలో పోయడమని రాసి ఉంది. పైన ఏదో పేపర్లోంచి తీసిన వాళ్ల ఊరి తెప్పల ఫొటో. కింద 'ఒక శ్రేయోభిలాషి' అని సంతకం, ఓ మెయిలు అడ్రసు. ఆ అడ్రసు కుమారికి బాగా తెలుసు. రెండేళ్ల కిందట తన చేత్తో తనే తెరిచి ఇచ్చింది.

అది గోవిందరాజులు గారిది. టెక్కలిలో హెడ్ క్లర్కుగా రిటైరై పలాసలో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. ప్రతి మంగళవారం వచ్చి మూల కంప్యూటరు దగ్గర కూర్చునేవాడు. తాగడానికి నీళ్లు అడిగి, గ్లాసు కడిగావా అని మరీ అడిగేవాడు. ఆ నీళ్లు తాగుతూనే ఇదంతా రాశాడన్నమాట.

ఆమె సెర్చ్ ఇంజన్ వాళ్లకు ఉత్తరం రాసింది. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. ఏది ముందు రావాలో యంత్రమే తేలుస్తుందట, మనుషుల చెయ్యి ఉండదట, రాసినవాళ్ల అభిప్రాయాలతో తమకు సంబంధం లేదట, కోర్టు ఉత్తర్వు ఉంటే పంపమన్నారు. కుళ్లిన చేపను బుట్ట పైన పేర్చి, నేను పెట్టలేదు, బుట్టే పెట్టుకుంది అనేవాళ్లను బజారులో ఆడవాళ్లు ఏం చేస్తారో కుమారికి తెలుసు. వీళ్లకు బజారు భయం కూడా లేదు.

సంగతి విని ఫణిశంకర్ నొచ్చుకున్నాడు. మన అయిదు కంప్యూటర్లలో ఆ పేజీ రాకుండా చేసేస్తానన్నాడు. అతను చెయ్యగలడు. కిందటేడు జీడిపప్పు ఫ్యాక్టరీల సమ్మె గురించి ఎవరో పెట్టిన పేజీని, పోలీస్ స్టేషన్ నుంచి ఒక్క ఫోను రాగానే, టీ చల్లారేలోపు మూసేశాడు. కాగితం లేదు, కోర్టు లేదు.

"వద్దండి," అంది కుమారి. "ఇక్కడ మూసేస్తే మనకే కనబడదు. ఆ డాక్టరు లాంటివాళ్లు విశాఖపట్నంలో కూర్చుని దాన్ని చదువుతూనే ఉంటారు."

మంగళవారం గోవిందరాజులు వచ్చాక నేరుగా అడిగింది. ఆయన తడబడలేదు. కళ్లజోడు తుడుచుకుని, అది తన అభిప్రాయమని, భావప్రకటనా స్వేచ్ఛ అని ఒకటుందని, డిగ్రీ చదివినదానివి ఆ మాత్రం తెలుసుకోవాలని చెప్పాడు.

"మా నాన్న తాగేవాడో లేదో మీకు తెలుసా?"

"మీ నాన్న ఊసు నేనెక్కడ ఎత్తాను? అందరి గురించీ రాశాను."

అందరిలో ఒక్కడూ ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన మనిషికి, పది మైళ్ల దూరంలో ఉన్న ఊరు చూడటానికి ఒక్క పూట దొరకలేదు. కుమారికి కోపం కూడా పోయింది. ఇంతటి చవకబారు మనిషికా తను ఇన్ని రోజులు కుర్చీ తుడిచి వేసింది అనిపించింది.

ఇంటికెళ్లి తల్లికి చెప్పింది. దేముడమ్మ చేపలు ఆరేస్తూనే విని, తలెత్తకుండా అంది.

"మీ అయ్య సుక్క ముట్టినోడు కాడు. ఆ మాట కూడా నువ్వే రాయి. ఆడు రాత్తాడా ఏటి?"

ఆ మాట పట్టుకుని ఆదివారాలు తల్లీకూతుళ్లు ఊళ్లు తిరిగారు. జబ్బు పడ్డవాళ్ల పేరు, వయసు, చేసే పని, తాగుడు ఉందా లేదా, ఏ బావి నీళ్లు తాగుతారు అన్నీ కుమారి రాసుకుంది. నలభై మూడు మందిలో ముప్పై ఒక్కరు తాగుడు ఎరగరు. పద్నాలుగు మంది ఆడవాళ్లు. సగం మంది అసలు బెస్తలే కారు; కొబ్బరితోటల రైతులు, జీడిపిక్కలు కొట్టే కూలీలు. అదంతా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పేజీ చేసి పెట్టింది. గోవిందరాజులు ఏం రాశాడో, ఎందుకు తప్పో, పేరుతో సహా రాసింది. నెట్ సెంటరు రిజిస్టరులో ఉన్న అడ్రసు చూసి డాక్టరుకు పంపితే, ఆయన క్షమించమని జవాబు రాసి, తమ మెడికల్ కాలేజీ సైట్లో లింకు పెట్టించాడు. మరో ఆరు నెలలకు కుమారి పేజీ రెండో వరసకు వచ్చింది. మొదటిది మాత్రం కదలలేదు.

అప్పుడు గోవిందరాజులు నెట్ సెంటరుకు పరుగెత్తుకొచ్చాడు. తన పరువు పోయిందన్నాడు. వెంటనే తీసెయ్యమన్నాడు. స్వేచ్ఛ సంగతి ఆ పూట ఆయనకు గుర్తు రాలేదు. మర్నాడు స్టేషన్ నుంచి ఫోను కూడా వచ్చింది. ఫణిశంకర్ చేతులు నలుపుకుంటూ, పేజీ ఉంచు, ఆ పేరొక్కటి తీసెయ్యమ్మా, నేను తట్టుకోలేను అన్నాడు.

కుమారి కాసేపు తెర మీది జాబితా చూసింది. మొదటి పేరు వాళ్ల నాన్నదే.

"తీసేత్తానండి. భయపడి కాదు. మావాళ్ల పేర్లున్న చోట ఆయన పేరు ఉండకూడదు."

తీసేసింది.

2009లో గోవిందరాజులు పేజీ ఉన్న ఉచిత సైట్ల కంపెనీ లాభం లేదని మూతపడింది. దాంతో ఆ పేజీ పోయింది. కోర్టూ కాదు, పోలీసులూ కాదు, ఎవరి మనసూ మారలేదు. అద్దె కట్టేవాడు లేక దుకాణం మూసినట్టు పోయింది. బెస్తల పిల్ల పెద్దవాళ్లను పట్టుకుని తన నోరు నొక్కించిందని గోవిందరాజులు ఎదురైన ప్రతివాడితోనూ చెప్పుకున్నాడు. ఎవరో వచ్చి నిజమేనా అని అడిగారు. ఆ వారం మందస వైపు నుంచి కొత్తగా తొమ్మిది పేర్లు వచ్చాయి. కుమారి వాటిని పేజీలోకి ఎక్కించే పనిలో ఉంది.