బొటనవేలికి తెలిసిన కొల్లేరు

మెడల్ నాదే! ముందు ఆ మాట చెప్పేస్తేగాని నా మనసు కుదురుకునేలా లేదు. హైదరాబాదులో ఒక కళాసంస్థ కొల్లేరు గుర్తుగా వేయిస్తున్న కంచు పతకానికి నేను చేసిన నమూనానే తీసుకున్నారు. పైగా, ఆ పతకాలు తయారుచేసే చోటే నాకు శిల్పిగా ఉద్యోగం కూడా ఇచ్చారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ డిగ్రీ కూడా శిల్పకళలో తెచ్చుకుని, దీనికి ఉద్యోగమేం వస్తుందని ఊరంతా అడుగుతుంటే నాలుగేళ్ళు నవ్వుతూ తిరిగినదాన్ని. పొద్దున్నే కొరియర్‌లో, ఉత్తరంతోపాటు మొదటి పతకం మండవల్లిలో మా ఇంటికి వచ్చింది. అమ్మ చేపలు కడుగుతున్న చెయ్యి చీరకు తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బానే ఉంది గానీ, దీన్నేం చేసుకుంటారే?"

"చేత్తో పట్టుకుంటారమ్మా."

"అంతేనా?"

"అంతే."

"మెడలో వేసుకునేదైనా కాదన్నమాట," అని నా చేతిలో పెట్టేసి మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళింది. రెండు నిమిషాలకు అటు తిరిగే ముక్కు చీదుకుంది. నేను పతకాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాను. కంచు చల్లగా, బరువుగా ఉంది. బొటనవేలు దాని గుంటలోకి తనంతట తనే జారింది. జారగానే నానబెట్టిన టేకు చెక్క వాసన, మరుగుతున్న పాకం వాసన ఒక్కసారిగా వచ్చాయి. కంచుకు పాకం వాసన ఉండదని నాకూ తెలుసు. వచ్చింది మస్తాన్ గారి వసారా.

మస్తాన్ గారు ఏలూరులో, కాలవకు దగ్గరగా ఒక సన్నటి సందులో ఉంటారు. పంచదార చిలకలు పోసే చెక్క అచ్చులు చెక్కడం ఆయన పని. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారట. ఉన్ని దగ్గర కూర్చుంటే తుమ్ములు ఆగక ఈయన ఉలి పట్టుకున్నారు. ఆయన భార్య జైనబ్ గారిని నేను మామ్మగారు అంటాను. ఆవిడ ఆ అచ్చుల్లోనే పాకం పోసి చిలకలు తీసి అమ్ముతారు. మా అక్క పెళ్ళికి చిలకలు కొనడానికి అమ్మతో వెళ్ళినప్పుడు నేను ఇంటర్ పరీక్షలు రాసి ఉన్నాను. అమ్మ మామ్మగారితో బేరం ఆడుతుంటే నేను వసారాలో అచ్చుల ముందు నిలబడిపోయాను. అన్నీ గుంటలే. బొమ్మ ఎక్కడా లేదు, బొమ్మ ఉండాల్సిన చోటు మాత్రం ఉంది.

"ముట్టుకోవచ్చాండీ?" అన్నాను.

"ముట్టుకోడానికే కదమ్మా ఉంది. కళ్ళు మూసుకుని ముట్టుకో. ఏముందో చెప్పు," అన్నారు మస్తాన్ గారు.

బొటనవేలు లోపల తిప్పాను. "చిలకండీ... కాదు, ముక్కు పొడుగ్గా ఉంది. హంసండీ."

"హంసకి అంతంత కాళ్ళుంటాయా?"

"అయితే కొంగండీ! మా ఊరి కొంగ."

లోపల్నించి మామ్మగారు ఒకటే నవ్వు. "ఇన్నాళ్ళకి ఒకళ్ళు దాన్ని కొంగన్నారండీ! అందరూ బాతనే పట్టుకెళ్తున్నారు."

"వాళ్ళు కళ్ళతో చూశారే, అందుకని," అన్నారాయన, తల ఎత్తకుండా.

ఆ వేసవిలో నన్ను ఏలూరులో మా మావయ్య ఇంట్లో ఉంచి కంప్యూటర్ కోర్సులో చేర్చారు. పొద్దున కంప్యూటరు, మధ్యాహ్నం మస్తాన్ గారి వసారా. వారం రోజులు ఊరికే కూర్చోనిచ్చారు. తరువాత ఒక టేకు ముక్క, చిన్న ఉలి చేతికిచ్చి, నీకు బాగా తెలిసినదేదైనా చెక్కమన్నారు. నేను కొర్రమీను చెక్కాను. ఒక్కొక్క పొలుసూ అంచు కిందికంటా తొలిచాను. చెవుల దగ్గర, అదే మొప్పల దగ్గర, లోతుగా, లోపలికి వంపు తిప్పి మరీ చెక్కాను. అంత చక్కటి చేప కొల్లేటిలో కూడా లేదనిపించింది. మామ్మగారు అచ్చు రెండు ముక్కల్నీ నీళ్ళలో నానబెట్టి, కలిపి కట్టి, పాకం పోశారు. చల్లారాక విప్పితే తోక వచ్చింది, తల అచ్చులోనే ఉండిపోయింది. మళ్ళీ పోశారు. మళ్ళీ అంతే. ఏడుసార్లు పోశాక మస్తాన్ గారు ఆ తలలూ తోకలూ ఒక పళ్ళెంలో వేసి నా ముందు పెట్టారు.

"మా ఇంట్లో ఒకటే పద్ధతమ్మా. విరిగింది చెక్కినవాళ్ళే తినాలి. పూర్తిగా వచ్చింది కొనుక్కునేవాళ్ళది."

"ఏడూనాండీ?"

"ఏడూను."

మూడోదానికే పళ్ళు జివ్వుమన్నాయి. "ఏం తెలిసింది?" అన్నారు.

"తీపెక్కువైందండీ."

"పంచదారమ్మా అది, ఉప్పగా ఉంటుందా? ఇంకా?"

అయిదోదాన్ని నాలుక మీద తిప్పుకుంటే అప్పుడు తెలిసింది. గరుకు అంతా ఒక్కచోటే ఉంది. "చెవుల దగ్గర విరిగిందండీ. అన్నీ అక్కడే విరిగాయి."

"అదీ! పాకం లోపలికి పోడానికి దారిచ్చావు, బయటికి రాడానికి ఇవ్వలేదు. నీ ముచ్చట నువ్వు తీర్చుకున్నావు, దాని కష్టం చూడలేదు."

తరువాత కాలేజీలో ఇదే విషయాన్ని ఒక గంటసేపు, బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చుని నవ్వుకున్నాను. నాకు ఆ పాఠం నాలుక మీద ఉంది.

నన్ను శిల్పకళ చదవమన్నది కూడా ఆయనే. నాన్న కొల్లేటిలో చేపలు పట్టేవారు, ఇప్పుడు చేపల చెరువుల మీద పని. నాన్న నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మస్తాన్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, నన్ను శిల్పకళలో డిగ్రీ చదివించమన్నారు. "ఏవండీ, చెక్క చెక్కడానికి డిగ్రీ ఎందుకండీ? మీరే నేర్పేస్తున్నారు కదా," అన్నారు నాన్న. మస్తాన్ గారు ఉలి ఒడిలో పెట్టుకున్నారు. "నాకు చెక్కొక్కటే తెలుసండీ. రాయీ, మట్టీ, కంచూ నేనెరగను. ఈ పిల్ల చేతిలో ఏముందో చెప్పడానికి నేను చాలను. చాలేవాళ్ళ దగ్గరికి పంపండి." తనకు తెలియదని ఒప్పుకున్న పెద్దమనిషిని నేను చూడడం అదే మొదలు. విశాఖలో కాలేజీకి వెళ్ళాక సెలవులకు ఎప్పుడొచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు. "విరిగినవెన్ని తిన్నావు?" అనేవారు. ప్లాస్టరు తినలేం కదండీ అంటే, "పారేశావా మరి?" అని కంగారుపడేవారు. అప్పట్నించీ విరిగిన ప్రతి నమూనానీ ఒక అట్టపెట్టెలో దాస్తున్నాను.

ఈ ఏడాది డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. అప్పుడే ఆ సంస్థ కొల్లేరు పతకానికి నమూనాలు పంపమని ప్రకటించింది. ఈ పతకం కూడా దక్కకపోతే తాడేపల్లిగూడెంలో మా పిన్ని పనిచేసే బట్టల కొట్లో బిల్లింగులో చేరతానని అమ్మకు మాటిచ్చాను. ఆ పని తక్కువదని కాదు. మా పిన్ని ఇల్లు దాని మీదే నిలబడింది. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే నేను మళ్ళీ ఉలి పట్టనని నాకు తెలుసు. ఆ భయంతో మొదటి నమూనాలో కొల్లేరులో ఉన్నవన్నీ పెట్టేశాను. గూడబాతులు, తామరలు, వల, సూర్యుడు. పట్టుకెళ్ళి మస్తాన్ గారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని బొటనవేలు ఒకసారి చుట్టూ తిప్పారు.

"ఇదేంటమ్మా, నన్ను తీసుకెళ్ళి సంతలో నిలబెట్టావు? ఎవరు పిలుస్తున్నారో కూడా తెలీట్లేదు."

ఏడుపొచ్చింది. "కొల్లేరంటే ఇవే కదండీ."

"అది చూడ్డానికొచ్చినవాళ్ళకి. నువ్వెక్కడ కూర్చుని చూశావు?"

"నాన్న తాటిదోనెలో అండీ." తాటిమాను తొలిచి చేసిన సన్నటి పడవ అది. చిన్నప్పుడు రెండు చేతులతో అంచులు పట్టుకుని, కదిలితే పడిపోతానేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. మామ్మగారు అచ్చులు పరీక్షించే పిండిముద్ద పక్కనే ఉంటే, ఏమీ తోచక దాన్ని వేళ్ళ మధ్య నొక్కుతూ కూర్చున్నాను. బొటనవేలు దిగినచోట గుంట పడింది. అవతలివైపు పిండి ఉబ్బి నా చూపుడువేలిని తాకింది. పైన దోనె లోపలి గుంట, కింద నీళ్ళను ఆనే దాని అడుగు. రెండు వేళ్ళ మధ్య మా నాన్న పడవ!

"మామ్మగారూ, ఈ ముద్ద నాకిచ్చేయండి!" అని అరిచాను.

"తీసుకో తల్లీ, నిన్నటిదే," అన్నారావిడ.

ఆ దోనె చేయడానికి పదకొండు నమూనాలు విరిగాయి. పన్నెండోది పంపాను. సంస్థవాళ్ళు వీడియోలో మాట్లాడారు. "బాగుందండీ. కానీ బల్ల మీద పెడితే నిలవట్లేదు, ఊగుతోంది. అడుగు చదును చేసి, పైన ఖాళీగా ఉన్న గుంటలో ఒక గూడబాతు పెడితే కొల్లేరని తెలుస్తుంది, ఏమంటారు?" అన్నారొకాయన. సరేనంటే పని నాదే అని గొంతులోనే తెలుస్తోంది. సరే అన్న మాట పెదవి దాకా వచ్చింది కూడా. బట్టల కొట్లో కుర్చీ కళ్ళముందు కదిలింది.

"దోనె కదండీ, ఊగుతుంది," అన్నాను. "ఒక్కసారి కళ్ళు మూసుకుని పట్టుకుని చూడండి సార్."

ఆయన మొహమాటంగా నవ్వారు. పక్కన కూర్చున్న పెద్దావిడ మాత్రం చెయ్యి చాపి నమూనా తీసుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. "చూసి చెబుతాం," అన్నారు చివరికి. ఆ తరువాత ఎదురుచూసిన రోజుల్లో అమ్మ నాకోసం రెండు కొత్త చుడీదార్లు కుట్టించింది, కొట్లోకి వేసుకెళ్ళడానికి. అవి వేసుకునే హైదరాబాదు వెళ్తాను. ఈ ఉదయం వచ్చిన పతకం మా నేలమీద పెడితే ఊగుతోంది. గూడబాతు లేదు.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు:

నాన్న. చెరువు మధ్యలో సిగ్నలు ఉండదు, గట్టెక్కాక చెయ్యాలి.

తాడేపల్లిగూడెం పిన్ని. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని, కోపం తెచ్చుకోవద్దని.

అక్క. నేను చెప్పేలోపే ఏడుస్తుంది, కాబట్టి భోజనాలయ్యాక.

మా పాస్టరమ్మగారు. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం నా ఉద్యోగం కోసం ప్రార్థన చేశారు. ఆవిడకు చెబితే మండవల్లికంతా చెప్పినట్టే.

మామ్మగారు. రేపు పాకం పెట్టమని. చెవుల దగ్గర సరిచేశాక నా కొర్రమీను అచ్చులో చేప పూర్తిగానే వస్తోంది, కానీ పూర్తిది కొనుక్కునేవాళ్ళది కాబట్టి ఇన్నేళ్ళలో ఒక్కటీ తినలేదు, రేపు తింటాను. ఆయనకు చెప్పొద్దని కూడా చెప్పాలి.

మస్తాన్ గారు. ఫోన్ కాదు. రేపు పొద్దున మొదటి బస్సుకు ఏలూరు వెళ్ళి, విరిగిన పదకొండూ ఉన్న అట్టపెట్టె ముందు పెట్టి, పతకం చేతిలో పెట్టాలి. ఆయన కళ్ళు తెరిచేదాకా నేను ఒక్కమాట కూడా మాట్లాడకూడదు.