నోరూరించిన టెస్ట్

నిన్న మా లాల్‌దర్వాజా గల్లీ మొత్తానికి ఉత్తపుణ్యానికి వైరస్ అంటగట్టిన. చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్విండ్రంటే మాత్రం లేచి ఎల్లిపోత.

నా పని మీకు తెల్సుగదా. జలుబు, దగ్గు తెచ్చే వైరస్‌ను తొందరగ పట్టే టెస్ట్ తయారుచేస్తున్నం. పెద్ద మిషన్లు అక్కర్లేదు. చిన్న ట్యూబుల గులాబీ రంగు మందుంటది. అండ్ల కొంచెం ఉమ్మి కలిపి అరగంట వేడినీళ్లల్ల పెట్టాలె. వైరస్ ఉంటే పసుపు రంగుకు తిరుగుతది, లేకుంటే గులాబీయే. ల్యాబ్‌ల బ్రహ్మాండంగ పనిచేస్తున్నది. అయినా మా మేడం, "మామూలు ఇంట్లో, మామూలు మనుషుల మీద చేసి చూపించు. అప్పుడే బస్తీ దవాఖానకు పంపిద్దాం. లేదంటే ప్రాజెక్ట్ క్లోజ్" అన్నది. ప్రాజెక్ట్ క్లోజ్ అంటే నా నౌకరీ గూడ క్లోజే.

మామూలు ఇల్లంటే మా ఇల్లే గదా. మేడంను తీస్కపోయిన. జలుబు గిట్ల లేనోళ్లను గల్లీలకెళ్లి పిలిచిన. అందరికీ గులాబీ రావాలె, పని ఖతం. తీరా చూస్తే ఒక్కరికీ ఉమ్మి రాదు. మేడంను చూసి నోర్లు ఎండిపోయినయి. పాలుపోసే యాదగిరన్న అయితే ట్యూబు పట్టుకొని పెండ్లిపిల్ల లెక్క సిగ్గుపడ్డడు. నాకు ఒళ్లు మండింది. "అమ్మా, జర వీళ్లకు నోరూరేటట్టు చెయ్యే" అని వంటింట్లకు ఒర్లి, వాకిట్ల నీళ్లు వేడిచేసుకుంట కూసున్న. ఏదన్న తిండి ముచ్చట చెప్పమని నా ఉద్దేశం.

కొంచెంసేపటికి అందరికీ నోర్లూరినయి. యాదగిరన్న ఉమ్మి పడంగనే ట్యూబు పసుపు. వేడినీళ్ల దాక పోనేలేదు. మా టెస్ట్ గింత ఫాస్టా అని నాకు మస్తు ఖుషీ అయింది, బుద్ధిలేదు నాకు. "పసుపంటే శుభమే గదా" అని యాదగిరన్న గూడ నవ్విండు. సంగతి చెప్పంగనే నెత్తి పట్టుకున్నడు.

"గీ ముచ్చట బయటికి పోతే రేపు నా పాలెవడు తాగుతడు తమ్మీ?"

తర్వాత ఎవరిది పెట్టినా పసుపే. అనుమానమొచ్చి మేడం తన ఉమ్మి ఇచ్చింది. అదీ పసుపే. ఆమె మొహం పాలిపోయింది. మాస్కు మీద మాస్కు పెట్టుకొని, పిల్లలను అమ్మమ్మ ఇంటికి పంపమని ఇంటికి ఫోన్ కొట్టింది.

అప్పుడొచ్చింది మా అమ్మ, ప్లేటు పట్టుకొని. "ఇంకో ముద్ద తీస్కోండ్రి మేడం, ఇందాక నచ్చిందన్నరు గదా."

ఉప్పు, కారం, జీలకర్ర వేసి దంచిన చింతపండు.

నాకు అప్పుడు సమజైంది. వైరస్ ఉంటే ట్యూబుల పులుపు పుడ్తది, ఆ పులుపుకే రంగు మారుతది. నోట్లెనే పులుపుంటే ఇంక వైరస్ ఎందుకు? ఈ సంగతి మొన్న స్లైడ్లేసి మేడంకు చెప్పింది నేనే.

ముచ్చట చెప్పమంటే చింతపండు ఎందుకు పెట్టినవని అమ్మను అడిగిన. "ముచ్చట్లకు నోరూరుతదారా?" అన్నది.

అందరితోని నోర్లు కడిగించి, జరసేపు ఆగి మళ్ల చేసినం. అందరికీ గులాబీ. యాదగిరన్న పాలు బతికినయి, నా నౌకరీ గూడ బతికింది. మేడం మాత్రం వాకిట్ల చెప్పులు తొడుక్కుంటూ, కిట్ డబ్బా మీద పులుపు తినొద్దని పెద్దక్షరాలతోటి రాయమన్నది. మాస్కులు తీసిన ఆమె మూతి అంచుకు ఇంకా చింతపండు అంటుకొనే ఉన్నది. చెప్పే ధైర్యం నాకు లేకపాయె.

ఇన్నేండ్లు బయోటెక్నాలజీ చదివి, గల్లీ అంతటిని గజగజ వణికిచ్చి, చివరికి నేను రుజువు చేసింది ఒక్కటే. చింతపండు పుల్లగుంటది.