తుపాకీ ముందు పెట్టిన కాఫీ

అది 2019 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. నాకు అరవై ఒకటి. కడప నుంచి వచ్చి రియాద్ మలాజ్‌లో ఒక ఇంట వంటకు చేరి అప్పటికి పదకొండేళ్లు. ఆ రోజు మేడం తమ్ముడు, పాత తుపాకులు సేకరించే ఆయన, కొత్తగా కొన్న వేట తుపాకీని చూపించడానికి తెచ్చాడు. దాని ఉక్కు మీద జింకలు, తీగలు ఎంతో అందంగా చెక్కి ఉన్నాయి. "ఖాళీదే" అంటూ ట్రిగ్గర్ కింది లీవర్‌ను ఒకసారి ఆడించి, నవ్వుతూ నాలుగేళ్ల మేనకోడలికి గురిపెట్టాడు. పాప కేరింతలు కొట్టింది.

కాఫీ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. వెనక నుంచి జగిత్యాల డ్రైవర్ గొణిగాడు.

"ఊకో అమ్మా, వాళ్లింటి ముచ్చట మనకెందుకు? ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపుతరు."

"పంపితే పోతాలే నాయనా. ముందు పాప బాగుండల్ల."

అక్కడ ఏదైనా అడగదలచిన మనిషి కాఫీ ముట్టడు. ఇంటివాళ్లు సరేననేదాకా కప్పు అలాగే ఉంచుతాడు. నేను నాకోసం ఒక కప్పు పోసి, ఆయన ముందు పెట్టి, ముట్టకుండా కూర్చున్నాను.

"ఏం కావాలి ఖాలా? జీతం పెంచాలా?" అన్నాడు నవ్వుతూ. ఖాలా అంటే పిన్నమ్మ; ఆ ఇంట్లో అందరూ నన్ను అలాగే పిలిచేవారు.

"జీతం సంగతి మేడంతో చూసుకుంటా. దాన్ని నేలకు తిప్పి, తెరిచి చూపించు" అన్నాను వచ్చీరాని అరబ్బీలో.

నవ్వుతూనే లీవర్ లాగాడు. తివాచీ మీద తూటా పడింది. ఇందాక లీవర్ ఆడించినప్పుడే అది లోపలి గొట్టంలోంచి పైకి ఎక్కినట్టుంది.

మేడం పాపను ఒళ్లోకి లాక్కుంది. ఆయన తుపాకీని నేల మీద పెట్టేశాడు. నేను కప్పు ఎత్తి చివరిదాకా తాగాను. ఇప్పటికీ ఎవరైనా "ఖాళీదే" అంటే, ఎంతటివారైనా సరే, తెరిచి చూపించమనే అంటాను.