నలభై ఒకటో గది హాజరు

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. ఆరో తరగతి నుంచి రోజూ రాసుకుంటున్న డైరీలోనూ రాయలేదు. ఆ రోజు పేజీలో "ఇస్తిరాహాకు వెళ్లాం, మటన్ బిర్యానీ, వీడియో నేనే తీశాను" అని మాత్రమే ఉంది.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పెరిగిన ఊరు అలాంటిది. సౌదీలోని జుబైల్‌లో, నాన్న కంపెనీ క్వార్టర్స్‌లో పాత ఇళ్లు లేవు, కథలు చెప్పే ముసలివాళ్లు లేరు. ఉద్యోగం అయిపోతే ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని దేశం వదిలి వెళ్లిపోవాల్సిందే. చచ్చినవాళ్లకు కూడా ఇక్కడ ఉండే హక్కు లేదని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

నాన్న చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో మూడో హాస్టల్ అని ఒకటుంది. అందులో ఉన్నవాళ్లు బతికినంతకాలం అన్నదమ్ములని వాళ్లలో వాళ్లకు ఒక కట్టుబాటు. ఏ దేశం వెళ్లినా అక్కడ ఒక శాఖ పెట్టుకుంటారు. జుబైల్ శాఖ వయసులో నా కంటే పెద్దది. ఏటా చలికాలంలో ఒక శుక్రవారం ఊరి బయట ఇస్తిరాహా, అంటే రోజు అద్దెకిచ్చే తోట ఇల్లు, తీసుకుని కుటుంబాలతో కలుస్తారు.

భోజనాలకు ముందు హాజరు ఉంటుంది. హాస్టల్‌లో వార్డెన్ పిలిచినట్టే ఒకరు గది నంబర్లు పిలుస్తారు. ఆ గదిలో ఉండి చదివినవాళ్లు "ఉన్న" అనాలి. రాని మనిషి నంబరు వస్తే అందరూ ఒకేసారి "సచ్చిండు" అని అరిచి చప్పట్లు కొట్టాలి. ఇది హాస్టల్ నాటి సరదా. ఆడవాళ్లం తెర ఇవతల కూర్చుని ఆ అరుపులు వినేవాళ్లం. నా చిన్నప్పుడు అది ఒక ఆట అనుకున్నాను.

నలభై ఒకటో గది మల్లేశం మామది. మిగతా అందరూ నాకు అంకుల్‌లే, ఆయన ఒక్కడే మామ. జగిత్యాల దగ్గర ఏదో ఊరు. రెండో ఏడులోనే చదువు ఆగిపోయింది. జుబైల్‌కు వచ్చి ప్లాంట్లు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులకు పరంజాలు కట్టేవాడు. హాస్టల్‌లో తనకు జూనియర్లైన వాళ్లు ఇక్కడ ఇంజనీర్లు. వాళ్లను "సార్" అని పిలిచేవాడు.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు జరిగింది అమ్మ చెప్పింది. నంబరు పిలవగానే "ఉన్న" అన్నాడట. హాజరు పిలుస్తున్న కిషన్ అంకుల్ ఆగి, "డిగ్రీ లేనోడు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడట. ఒక్క క్షణం ఆగి అందరూ "సచ్చిండు" అన్నారట. మల్లేశం మామ కూడా నవ్వాడట. తర్వాత ఏటా అదే ఆనవాయితీ అయింది. ఆయన ఎదురుగా ఉండగానే ఆయన నంబరుకు సచ్చిండు అనేవాళ్లు. ఆయన మళ్లీ ఎప్పుడూ పలకలేదు.

శాఖకు వీడియో కెమెరా కొన్నప్పుడు అది ఆయన చేతిలో పెట్టారు. "కెమెరా పట్టుకున్నోని గొంతు అందరికంటె పెద్దగ పడతది. నువ్వు నోరు మూస్కొని తియ్యాలె మల్లిగా" అని కిషన్ అంకుల్ చెప్పడం నేనే విన్నాను. ఆయన తలూపాడు. వీడియో తీస్తున్నంతసేపు దగ్గు వచ్చినా మింగేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఆయన పోయాడు. పని లేక వేరే కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్తే, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఆయన మీద హురూబ్ పెట్టాడు. అంటే పారిపోయాడని ఫిర్యాదు. హురూబ్ పడిన మనిషికి ఇకామా, అంటే నివాస కార్డు, చెల్లదు, ధైర్యంగా ఆస్పత్రికి పోలేడు. జ్వరంతో గదిలో పడుకుని నాన్నకు ఫోన్లు చేశాడు. బల్ల మీద ఫోన్ మోగుతుంటే నాన్న దాన్ని బోర్లా తిప్పి పెట్టడం నేను చూశాను.

శవాన్ని ఊరికి పంపాలంటే ఇక్కడ ఎవరో ఒకరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. భార్య రాజవ్వ నాన్న పేరు మీదే అధికార పత్రం రాయించి పంపింది. "హురూబోని ఎంబడి తిరిగితె రేపు నా కొలువు మీదికొస్తది" అని నాన్న అమ్మతో అన్నాడు. కిషన్ అంకుల్ కూడా వద్దన్నాడు. శవం చాలాకాలం మార్చురీలో ఉంది. చివరికి ఇక్కడే మట్టిలో పెట్టారు. ఎక్కడో మాకెవరికీ తెలియదు.

ఆయన పోయిన ఏడాది చలికాలం కెమెరా నాకిచ్చారు. "ఈ పిల్లకు నోట్లె నాలుకే లేదు, మల్లిగాని డ్యూటీకి సరిపోతది" అని కిషన్ అంకుల్ అంటే అందరూ నవ్వారు. నాన్న కొత్త క్యాసెట్టు పైనున్న ప్లాస్టిక్ కాగితం నా ముందే చింపి లోపల పెట్టాడు. ఇది ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. అంతకుముందు దేనికీ వాడని క్యాసెట్టు అది.

నేను తోట గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. వెనక గోడ, పక్కన ఖాళీ కుర్చీలు. మధ్యాహ్నం, మంచి ఎండ. కిషన్ అంకుల్ నంబర్లు పిలుస్తూ "ఫార్టీ వన్" అన్నాడు. అలవాటుగా అన్నాడో, కావాలని అన్నాడో తెలియదు. తర్వాత ఎవరో మెల్లగా "సచ్చిండు" అన్నారు. ఈసారి అది నిజం. అది తట్టగానే ఒకరికి నవ్వు ఆగలేదు, ఆ తర్వాత ఎవరికీ ఆగలేదు. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

ఆ నవ్వు తగ్గుతుండగా నా చెవి పక్కన, కొంచెం పైనుంచి, "ఉన్న" అని వినిపించింది. మామూలుగా, హాజరు పలికినట్టే. తిరిగి చూశాను. గోడ ఉంది. ఎవరూ నా వైపు చూస్తున్నట్టు నాకు అనిపించలేదు. కెమెరా దించితే తిడతారని తీస్తూనే ఉన్నాను.

చిన్నపిల్లను, భ్రమపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. అలాగే ఏళ్లు గడిచాయి.

ఈ ఏడాది నాన్న శాఖ అధ్యక్షుడయ్యాడు. శాఖ చరిత్ర ఒక వీడియోగా తయారు చేయాలని నిర్ణయించారు. ఇంట్లో ఉండి దూరవిద్యలో ఎం.ఏ. చదువుకుంటున్నది నేనే కాబట్టి పాత ఫొటోలు, సమావేశాల నివేదికలు, బిస్కెట్ డబ్బాలో పడి ఉన్న క్యాసెట్లు అన్నీ నా గదికి చేరాయి. పాత ఫొటోలుంటే పంపమని నా నంబరుతో ఒక ప్రకటన గ్రూపుల్లో పెట్టారు. అది ఎవరి ద్వారానో జగిత్యాల దాకా వెళ్లింది. ఒకరోజు రాజవ్వ ఫోన్ చేసింది.

నేను ఎవరి కూతురినో ఆమెకు తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. "మొఖం పాస్‌పోర్టు ఫొటోల ఉన్నది బిడ్డా. గొంతే మర్సిపోతున్న. ఒక్క ముక్క దొరుకుతె పంపు" అంది.

క్యాసెట్లన్నీ పెట్టి విన్నాను. ఆయన తీసినవాటిలో ఆయన గొంతు ఎక్కడా లేదు. చెప్పినట్టే నోరు మూసుకున్నాడు. ఏటా ఫార్టీ వన్ అని పిలుస్తారు, ఏటా సచ్చిండు అంటారు. ఆ మాట దగ్గర బొమ్మ కొంచెం వణుకుతుంది. నవ్వినందుకో, ఇంకెందుకో.

చివర నేను తీసింది పెట్టాను. నవ్వులు తగ్గాయి. అందరికంటే పెద్దగా, కెమెరా పట్టుకున్న మనిషి గొంతులా, "ఉన్న" అని పడింది.

మళ్లీ పెట్టినప్పుడు బొమ్మ మీద దృష్టి పెట్టాను. అందరూ నవ్వుతున్న ఆ వరసలో నాన్న ఉన్నాడు. ఆ మాట వచ్చిన చోట ఆయన నవ్వు ఆగిపోయింది. తల ఎత్తి కెమెరా వైపు చూశాడు. నా వైపు కాదు. నేనప్పుడు పొట్టిగా ఉండేదాన్ని. నాన్న చూపు నాకంటే పైన, ఒక పెద్దమనిషి ముఖం ఉండాల్సిన చోట ఆగింది.

నాన్నకు హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. విన్నాడు. తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "గాలి శబ్దం. కట్ చెయ్" అన్నాడు. ఆయన చెయ్యి ఇంకా వాటి మీదే ఉంది.

కిషన్ అంకుల్ కూడా వచ్చి విన్నాడు. "గిది నీ గొంతే గదనే" అన్నాడు. పన్నెండేళ్ల ఆడపిల్ల గొంతు అలా ఉంటుందా అని అడిగాను. నేను ఆయనకు ఎదురు మాట్లాడింది అదొక్కసారే. "గీ పుస్తకాలు సదివి సదివి నీకు మెదడు కరాబైంది" అని నవ్వాడు. వెళ్తూ, మల్లిగాని ముచ్చట చరిత్రలో రావద్దని, పాత క్యాసెట్లు పారేయమని నాన్నకు చెప్పాడు. వీడియోలో నలభై తర్వాత నలభై రెండు వస్తుంది. క్యాసెట్లను నాన్నే చెత్తబుట్టలో వేశాడు.

అంతకు ముందే ఆ ఒక్క ముక్క నా ఫోన్‌లోకి తీసి పెట్టుకున్నాను. పంపాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ గొంతు ఎప్పటిదని అడిగితే ఏం చెప్పాలి? బతికున్నప్పుడు పలకనివ్వని మనిషి, పోయాక పలికాడని చెప్పాలా? కానీ ఆమెకు ఇవ్వడానికి మా దగ్గర ఇంకేమీ లేదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్త క్యాసెట్టు, వెనక గోడ, పగటి వెలుగు. ఎలా కలిపి చూసినా లెక్క కుదరదు. నమ్ముతావా అంటే నమ్మనంటాను. ఫోన్‌లో ఆ ముక్క తుడిచెయ్యమంటే మాత్రం చెయ్యలేను.

పంపాను. కాసేపటికి రాజవ్వ ఫోన్ చేసింది.

"ఆయ్‌నే" అంది. తర్వాత అడిగింది, "ఎనక నవ్వుతున్నది ఎవలు బిడ్డా?"

నవ్వును పూర్తిగా కోసెయ్యడం నాకు చేతకాలేదు. అంకుల్ వాళ్లని చెప్పాను.

"మంచిగ నవ్విపిచ్చేటోడు" అంది.

ఆమె ఆ ముక్కను ఇంకో ఫోన్‌లో మళ్లీ పెట్టుకుంది. నవ్వు, తర్వాత ఆ ఒక్క మాట, దూరం నుంచి నాకూ వినిపించాయి. అప్పుడు అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఉన్న అంటున్నడు గద బిడ్డా. ఉన్నోన్ని ఆడ్నే ఎందుకు ఇడ్సిపెట్టిన్రు?"