మా అమ్మాయికి స్కోపు వెతికిన ఏడాది

మొన్న ఆదివారం ఇక్కడ సూరత్‌లో మా అమ్మాయి కోచ్‌గా చిన్నపిల్లలకు రైఫిల్ నేర్పే షూటింగ్ రేంజికి ఊరికే చూసొద్దామని వెళ్లాను. ఇప్పుడు ప్రతి పిల్ల పక్కనా ఒక చిన్న తెర. గుండు ఎక్కడ తగిలిందో ఆ క్షణానే చుక్కై కనిపిస్తోంది. పైకి మెచ్చుకుంటూనే ఉన్నాను గానీ, నా మనసు మాత్రం కరోనా మొదటి ఏడాదికి, ఒక్క స్కోపు కోసం మేము పడిన హైరానాకి వెళ్లిపోయింది.

స్కోపంటే, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, యాభై మీటర్ల అవతల కాగితం మీద చిల్లు ఎక్కడ పడిందో చూసుకునే చిన్న టెలిస్కోపు. అంతకుముందు రేంజి మొత్తానికీ ఒకటే ఉండేది, కోచ్ గారు అందులో చూసి గుండు ఎటు పోయిందో చెప్పేవారు. లాక్‌డౌన్ ఎత్తేశాక ఒకరు కన్ను పెట్టినచోట ఇంకొకరు పెట్టకూడదు, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి అన్నారు. మా అమ్మాయికి జూనియర్లలో అదే ఆఖరి ఏడాది. నెలరోజుల్లో రాష్ట్ర జట్టు ఎంపిక, అది తప్పితే ఇక ఆ జట్టు మాటే మరిచిపోవాలి.

అప్పటికి నేనింకా బ్యాంకులో పనిచేస్తున్నాను. ఏ కాగితమిచ్చినా చిన్న అక్షరాలతో సహా చదివేస్తానని నాకు కాస్త గీర. రాత్రీ పగలూ ఫోన్లో వివరాలు చదివి, అరవై రెట్లు పెద్దగా చూపేది ఉండగా ఇరవై అయిదు రెట్లది కొనడం ఒట్టి అమాయకత్వమని తేల్చేశాను. అడాజన్ పేటలో మా అపార్ట్‌మెంట్ సొసైటీలోనే పిట్టల్ని చూసే సరదా ఉన్న పొరుగాయన దగ్గర అలాంటిదే ఉంటే అడిగి తెచ్చి, సాయంత్రం చల్లగాలికి మేడ మీద నిలబడి, రోడ్డవతల బోర్డు మీది అక్షరాలన్నీ చదివి పొంగిపోయాను. అమ్మాయి ఏదో నసిగితే, నీకేం తెలుసని కసిరాను కూడా.

ఆ గొప్పంతా ఫోన్లో పల్సానా తమ్ముడికి చెప్పుకున్నాను. తమ్ముడంటే రక్తసంబంధం కాదు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్ శివార్లలో పల్సానా బట్టల మిల్లులో బట్ట చెకింగ్ చేసేవాడు, మా బ్యాంకు కౌంటర్ దగ్గర తెలుగు వినబడగానే నన్ను అక్కను చేసుకున్నాడు. పొద్దస్తమానం చేతి భూతద్దం బట్ట మీద పెట్టి పోగులు లెక్కపెట్టడమే అతని పని. అంతా విని ఒక్కటే అడిగాడు.

"బిడ్డ నిలవడి కొడ్తదా అక్కా, పండుకొని కొడ్తదా?"

పడుకునే అన్నాను.

"మరి మీరు నిలవడి సూస్తే ఎట్ల ఎర్కైతది? మా బట్ట గూడ గంతే, యే వెలుతుర్ల పని జేస్తమో గా వెలుతుర్లనే సూడాలె."

సెలవు రోజున బండేసుకుని తనే వచ్చేశాడు. మిట్టమధ్యాహ్నం సొసైటీ పార్కింగ్‌లో చాప పరిచి, మందపాటి షూటింగ్ జాకెట్ తొడిగి, రైఫిల్ బదులు తుడుపుకర్ర పట్టించి అమ్మాయిని బోర్లా పడుకోబెట్టాం. యాభై మీటర్ల అవతల గోడకి చిల్లులు పొడిచిన కాగితం. వాచ్‌మన్ నవ్వుతూనే ఉన్నాడు. తిన్నగా ఉన్న ఆ స్కోపులో చూడాలంటే పిల్ల ప్రతిసారీ మెడెత్తి మోచెయ్యి కదపాల్సి వచ్చింది, మోచెయ్యి కదిలితే పట్టంతా మళ్లీ మొదటికి. అరవై రెట్లలో ఎండసెగకి చిల్లులు నీళ్లల్లోవిలా ఊగాయి, ఇరవై అయిదుకి తగ్గిస్తే కుదురుగా నిలిచాయి. మాస్కు లోంచి వచ్చే ఊపిరి పిల్ల కళ్లజోడునీ, స్కోపు అద్దాన్నీ మసకబార్చింది. తమ్ముడు తనూ చాప మీద పడుకుని చూసి, కన్ను పెట్టేచోటు వంగి ఉండాలనీ, అద్దానికి కాస్త దూరం నుంచే బొమ్మ కనబడాలనీ తేల్చాడు. అన్నీ చదివిన నాకు పిల్లని ఒకసారి పడుకోబెట్టి చూడాలని తోచనే లేదు!

అలాంటి స్కోపు ఎంపికకి నాలుగు రోజుల ముందు చేతికొచ్చింది. ఎంపిక రోజున తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వలేదు, గేటు బయట స్కూటర్ పక్కన నిలబడి ఎంతమంది దేవుళ్లకి మొక్కానో. మధ్యలో గాలి మారి రెండు గుండ్లు కుడికి పోయాయట. మోచెయ్యి కదపకుండానే చూసుకుని సర్దుకుందట. జట్టులో ఆఖరి చోటు మా అమ్మాయిది. బయటికొచ్చి మాస్కు లాగేసి నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. "నేనేం జేసిన అక్కా, పండుకొమ్మన్న, గంతే!" అని నవ్వేశాడు.

రెండో విడత కరోనాకి అతను ఊరెళ్లిపోయాడు, అక్కడే మిల్లులో పని దొరికింది, మళ్లీ రాలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు నా పిల్ల కోసం అంత ఎండలో అన్ని గంటలున్న మనిషిని నేను గడప లోపలికి రమ్మనలేదు. పేపర్ కప్పులో టీ పోసి కింద బెంచీ మీదికే పంపాను, అతను వెళ్లగానే చాపని సబ్బునీళ్లతో కడిగాను. అప్పుడందరం అంతే, అతనూ ఏమీ అనుకోలేదు. ఇప్పుడు భోజనానికి రమ్మని ఫోన్ చేసినప్పుడల్లా "వస్త అక్కా" అంటాడు. ఆ భయాలన్నీ పోయి మా తలుపు ఇప్పుడు అందరికీ తెరిచే ఉంటుంది, ముందుగా పిలవాల్సిన మనిషి మాత్రం సూరత్‌లో లేడు.